నెట్‌వర్క్ బాగానే ఉందండీ

ఆ ఆసుపత్రిలో ఆమె అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు. అందరికీ ఆమె పింగమ్మ. కంప్యూటర్ ఆగిపోయిందని ఏ వార్డు నుంచి ఫోన్ వచ్చినా ఆమె ముందుగా చేసేది ఒకటే. కుర్చీలోంచి లేవకుండా ఆ కంప్యూటర్‌కు ఒక చిన్న సందేశం పంపేది. దాన్నే పింగ్ అంటారు. ఉన్నావా అని ఇటు నుంచి, ఉన్నానని అటు నుంచి, అంతే. జవాబు వచ్చిందంటే దారి బాగున్నట్టు లెక్క. ‘పింగ్ వస్తోందండీ, మా వైపు ఏం లేదు’ అని ఫోన్ పెట్టేసేది. ఆ మాట విని విని విసిగిపోయిన మందుల కౌంటర్ వాళ్ళెవరో ఆ పేరు తగిలించారు. వెనక పుట్టిన పేరు కొన్నాళ్ళకు మొహం మీదే పిలిచేదాకా వచ్చింది. ఆమె కోప్పడలేదు సరికదా, లోలోపల కాస్త మురిసింది కూడా. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆమె చెప్పిందే నిజమయ్యేది మరి. ప్లగ్గు ఊడిపోయి ఉండేది, లేకపోతే ఎవరో స్విచ్చు కట్టేసి ఫోన్ ఛార్జింగు పెట్టుకుని ఉండేవారు.

రెండో అంతస్తు చివర ఉండేది ఆమె గది. ఎండాకాలంలోనూ శాలువా కప్పుకుని కూర్చోవాల్సినంత చలి. అద్దం తలుపుకు అవతల రెండు పెద్ద సర్వర్లు హోరుమంటుండేవి. ఒకప్పుడు ఆసుపత్రిలో ఒక్కో పనికి ఒక్కో కంప్యూటర్ ఉండేది. వాటన్నిటినీ తీసేసి ఈ రెండింట్లోకి చేర్చింది పింగమ్మే. రెండు పెద్ద ఇళ్ళు కట్టి ఒక్కో ఇంటినీ వాటాలుగా విడగొట్టి అద్దెకిచ్చినట్టన్నమాట. ఒక వాటాలో మందుల లెక్క, ఒక వాటాలో రక్తపరీక్షలు, ఇంకో వాటాలో ఎక్స్‌రే బొమ్మలు. వాటాల్లో ఉండేవన్నీ లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లే, చేత్తో పట్టుకుందామంటే దొరకవు. ఒక ఇంట్లో రద్దీ పెరిగితే ఏదో ఒక వాటా తనంతట తానే రెండో ఇంటికి మకాం మారుస్తుంది. ఎవరికీ చెప్పదు, ఎవరికీ తెలియదు. ఆ ఏర్పాటు చూసుకుని పింగమ్మకు భలే ముచ్చటగా ఉండేది. తన పిల్లలు తమ పనులు తామే చేసుకుంటున్నంత సంబరం.

ఆమె వదిన అదే ఆసుపత్రిలో కింది అంతస్తులో ఎక్స్‌రేలు తీసేది. వదిన పెళ్ళయ్యాక, పిల్లవాడు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక నేర్చుకున్న విద్య అది. గరిటె తిప్పుతూ ఎముకల పేర్లు వల్లెవేసేది. పింగమ్మ పుస్తకం పట్టుకుని ప్రశ్నలడిగేది. పేరు గుర్తురాకపోతే వదిన ఆ ఎముకను ఆడపడుచు ఒంటి మీదే వెతికేది. పక్కటెముకల పాఠం వచ్చిన రోజైతే ఇద్దరూ నవ్వలేక నేలమీద కూలబడ్డారు. కుట్టుమిషన్లు బాగుచేసే అన్నయ్య గుమ్మంలో నిలబడి చూసి, “ఈవిడ పరీక్ష పాసయ్యేలోపు మా చెల్లెలు అస్థిపంజరమయ్యేట్టుంది” అన్నాడు. ఖాళీ ఉందని చెప్పి వదిన చేత ఆసుపత్రిలో దరఖాస్తు పెట్టించింది కూడా పింగమ్మే.

చిక్కంతా అక్కడే వచ్చింది. వదిన చేరిన నెలలోనే క్యాంటీన్‌లో మాటలు మొదలయ్యాయి. పైన ఆడపడుచు, కింద వదిన, ఇంక ఆసుపత్రి వాళ్ళిల్లే అన్నారు. అది పింగమ్మ చెవిన పడింది. ముక్కుసూటి మనిషి అన్న పేరు ఆమెకు ప్రాణం. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకుంది. ఇద్దరూ ఒకే బస్సులో వచ్చేవారు, గేటు దాటగానే ముక్కూమొహం తెలియనట్టు విడిపోయేవారు. ఆసుపత్రిలో వదినను కూడా అండీ అనేది. ఎక్స్‌రే గది నుంచి ఫోన్ వస్తే మిగతా వాళ్ళకంటే ఒక పిసరు తక్కువ ఓపికతో మాట్లాడేది. ఎవరూ వేలెత్తి చూపకూడదు కదా. వదిన దీన్ని ఆటలాగే తీసుకుంది. ఇంటికొచ్చి, “మేడంగారు ఇవాళ నాతో మాట్లాడారోచ్, నా జన్మ ధన్యమైంది” అని ఎగతాళి చేసేది.

ఇబ్బంది మధ్యాహ్నపు షిఫ్టులో మొదలైంది. ఆ షిఫ్టు వదినది. తీసిన ఎక్స్‌రే బొమ్మను యంత్రం పైన ఉన్న వాటాకు పంపాలి, అక్కడి నుంచి డాక్టర్లు తమ గదుల్లో చూసుకోవాలి. రోగి పేరూ వయసూ టక్కున వెళ్ళిపోయేవి. బొమ్మ మాత్రం వెళ్తున్నట్టే ఉండి వెళ్ళేది కాదు. ఆకుపచ్చ గీత కాస్త కదిలి ఆగిపోయేది. చివరికి యంత్రం విసిగి, ఫైలు పనికిరాలేదని ఎర్రక్షరాలతో చెప్పేది. పొద్దుటి షిఫ్టులో ఉండే పెద్దాయన తీసేవన్నీ చక్కగా వెళ్ళేవి. అదే యంత్రం, అదే తీగ. మారేది మనిషి మాత్రమే.

“బొమ్మ వెళ్ళట్లేదండీ” అని వదిన ఫోన్ చేసింది. ఆమె కూడా ఆఫీసు మర్యాద పాటించింది.

పింగమ్మ పింగ్ చేసింది. జవాబు టకటకా వచ్చింది. “నెట్‌వర్క్ బాగానే ఉందండీ. మీ దగ్గరే చూసుకోండి.”

రెండోసారీ అంతే. మూడోసారి ఫోన్ చేసినప్పుడు వదిన గొంతులో ఆఫీసు మర్యాద లేదు. “అమ్మాయ్, ఒక్కసారి కిందికొచ్చి చూడవే. నాకేం అర్థం కావట్లేదు” అంది. పింగమ్మ గదిలో అప్పుడు కొనుగోళ్ళ విభాగం ఆయన కూర్చుని ఉన్నాడు. క్యాంటీన్ మాటల్లో సగం ఆయనవే. వదిన పిలిచిందని పనులు మానేసి పరిగెత్తిందని ఆయన సాయంత్రానికల్లా ఊరంతా చాటేస్తాడు. పింగమ్మ మళ్ళీ పింగ్ చేసింది. వచ్చింది. “ఇక్కడ అంతా సరిగ్గానే ఉందండీ. ఫైలులోనే ఏదో లోపం ఉండుంటుంది, ఇంకోసారి ప్రయత్నించండి” అని ఫోన్ పెట్టేసింది. ఇంకోసారి ప్రయత్నించడమంటే ఇంకోసారి పంపడమని ఆమె ఉద్దేశం.

కింద వదిన ఎదుట బల్ల మీద ఒక చిన్నపాప ఉంది. ఊపిరాడక ఎగపోస్తోంది. పిల్లల డాక్టరమ్మ బొమ్మ ఏదని ఇంటర్‌కమ్‌లో అరుస్తోంది. యంత్రం ఫైలు పనికిరాలేదంటోంది. పై నుంచి ఆడపడుచు కూడా ఫైలులోనే లోపమంటోంది. వదిన పాపను సర్ది పడుకోబెట్టి రెండోసారి ఎక్స్‌రే తీసింది. అదీ వెళ్ళలేదు. చివరికి డాక్టరమ్మ మెట్లు దిగి వచ్చి యంత్రం తెర మీదే చూసింది. అక్కడ రెండు బొమ్మలున్నాయి. రెండూ శుభ్రంగా ఉన్నాయి.

డాక్టరు అనుమతి లేకుండా పసిపిల్లకు రెండోసారి ఎక్స్‌రే తీయడం ఆ ఆసుపత్రిలో చిన్న తప్పు కాదు. మర్నాడు సూపరింటెండెంట్ గదిలో అందరినీ కూర్చోబెట్టారు. ఆయన మంచివాడే, కానీ మాట పొదుపు. పింగమ్మ వైపు తిరిగి, “నెట్‌వర్క్ సంగతేంటి?” అన్నాడు.

అందరి కళ్ళూ తన మీదున్నాయి. వదిన కళ్ళు కూడా. ఒక్క క్షణం, మరోసారి చూసి చెప్తానండీ అందామనిపించింది. ఆ మాట పెదాల దాకా వచ్చింది కూడా. కానీ వదినను వెనకేసుకొస్తోందని అంటారేమోనన్న భయం దాన్ని మింగేసింది.

“మూడుసార్లూ చూశానండీ. నెట్‌వర్క్‌లో ఏ లోపమూ లేదు” అంది. అవసరమైనదానికంటే గట్టిగా అంది.

విచారణ తేలేదాకా వదినను ఎక్స్‌రే గది నుంచి పాత కాగితాల గదికి మార్చారు. పక్క శాఖ నుంచి ఒకాయనను మధ్యాహ్నపు షిఫ్టుకు తెప్పించారు. ఆయన ఉన్నన్నాళ్ళూ కొత్తాయనగానే ఉండిపోయాడు.

వదిన ఇంట్లో ఒక్క నిష్ఠూరమాడలేదు. ఆడి ఉంటే పింగమ్మకు కాస్త తేలికయ్యేది. వదిన తన చేతుల్నే అనుమానించడం మొదలుపెట్టింది. భోజనాలయ్యాక బల్ల మీద మూడు డబ్బా మూతలు వరసగా పెట్టి, “ఇదుగో, ఇది తీసేది, ఇది సేవ్ చేసేది, ఇది పంపేది. ఈ వరసలోనే నొక్కుతాను. చూడమ్మాయ్, ఎక్కడైనా తప్పుతున్నానా?” అని అడిగింది. పింగమ్మ చూసింది. తప్పేమీ లేదంది. “మరి పెద్దాయనకు వెళ్తాయి, నాకెందుకు వెళ్ళవు?” అని వదిన మళ్ళీ మొదటి నుంచీ నొక్కింది. అన్నయ్య టీవీ గొంతు తగ్గించి ఇటే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, “వయసొచ్చాక నేర్చుకున్న పని కదా, ఎక్కడో తడబడి ఉంటావులే” అన్నాడు. ఓదార్చబోయాడు పాపం. వదిన మూతలన్నీ తీసి ఎక్కడివక్కడ పెట్టేసింది.

ఆ వారంలోనే కొత్తాయన నుంచి ఫోన్ వచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడాడు.

“మేడం, బొమ్మలు వెళ్ళట్లేదు. ఒక్కసారి వస్తారా? ఎవరికీ చెప్పకండి మేడం, వచ్చిన వారంలోనే నా మీదకి వస్తుంది.”

పింగమ్మ శాలువా కుర్చీ మీద పడేసి కిందికి వెళ్ళింది. కొత్తాయనతో ఆమెకు ఏ చుట్టరికమూ లేదు, వెళ్తే ఎవరూ ఏమీ అనరు. తను లేచి వెళ్తున్నానని అప్పుడు ఆమె గమనించుకోలేదు.

ఎక్స్‌రే గదిలో స్టూలు మీద కూర్చుని తన లాప్‌టాప్‌ను యంత్రం తీగకే తగిలించింది. పేరు వెళ్ళింది. బొమ్మ దగ్గర ఆకుపచ్చ గీత ఆగింది. సరిగ్గా వదిన చెప్పినట్టే. పింగ్ చేసింది, బ్రహ్మాండంగా వచ్చింది. అప్పుడు మొదటిసారిగా ఆమెకు తన పింగ్ మీద అనుమానమొచ్చింది. ఆమె ఎప్పుడూ పంపే పింగ్ చీమంత. బొమ్మ అలా వెళ్ళదు. దాన్ని వేల ముక్కలు చేసి ఒక్కో ముక్కనూ ఒక్కో ప్యాకెట్‌లో కుక్కి పంపుతారు, ప్రతి ప్యాకెట్టూ పట్టినంత నిండుగా ఉంటుంది. అలాంటి నిండు ప్యాకెట్టే పింగ్‌గా పంపి, దారిలో దీన్ని ఎవరూ విడగొట్టొద్దని షరతు పెట్టింది. జవాబు రాలేదు. మళ్ళీ పంపింది. రాలేదు. కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోయింది. ఒక కొలత దగ్గర జవాబులు గలగలా వచ్చి పడ్డాయి. దానికంటే ఒక్క అక్షరం ఎక్కువైనా నిశ్శబ్దం.

ఎక్స్‌రే బొమ్మల వాటా ఎక్కడుందో చూసింది. రెండో ఇంట్లో ఉంది. ఈమధ్య పొద్దున రోగుల రద్దీ పెరిగి మొదటి ఇల్లు కిక్కిరిసినప్పుడల్లా అది మధ్యాహ్నానికి రెండో ఇంటికి మకాం మారుస్తోంది, ఆసుపత్రి సద్దుమణిగాక తిరిగొస్తోంది. పెద్దాయన షిఫ్టుకు ఇక్కడ, వదిన షిఫ్టుకు అక్కడ. రెండో ఇంటికి దారి ఒక సొరంగం గుండా వెళ్తుంది. సొరంగమంటే తవ్వింది కాదు, నెట్‌వర్క్‌లోనే వేరుగా వేసిన మూసిన దారి. సొరంగంలోకి దిగే ప్రతి ప్యాకెట్ మీదా ఇంకో తొడుగు వేస్తారు, ఆ తొడుగుకు కొంత చోటు పోతుంది. అందుకని లోపల పట్టేది కాస్త చిన్న ప్యాకెట్టే. నిండు ప్యాకెట్ సొరంగం గుమ్మంలో ఇరుక్కుంటుంది.

ఇందులో వింతేమీ లేదు. ఇలాంటివి జరుగుతాయనే ఏర్పాటు కూడా ఉంది. గుమ్మంలో దారి చూపే రూటర్ ఆ ప్యాకెట్‌ను పారేసి, ఇది పట్టదు, చిన్నది చేసి పంపు అని పంపినవాళ్ళకు వెనక్కి కబురు పెడుతుంది. ఆ కబురు అందితే యంత్రం తనే సర్దుకుంటుంది. మరి కబురు ఎందుకు అందట్లేదు?

పింగమ్మ ఫైర్‌వాల్ నియమాలు తెరిచింది. ఏది లోపలికి రావాలో ఏది రాకూడదో తేల్చే కాపలా అది. పై నుంచి ఒక్కొక్క వరసే చదువుకుంటూ వచ్చి ఒక చోట ఆగింది. పింగ్ జవాబులను రానివ్వు, ఆ జాతి కబుర్లు మిగతావన్నీ ఎవరికీ చెప్పకుండా పారేయి, అని ఉంది అక్కడ. పక్కన ఎవరు రాశారో కూడా ఉంది. తనే. భద్రత తనిఖీకి వచ్చిన వాళ్ళు అనవసరపు సందేశాలు తగ్గించమంటే, అన్నీ ఎందుకూ పనికిరానివేనని ఒక్క వరసలో ఊడ్చేసింది. తనకు అవసరమైన పింగ్‌ను మాత్రం ఉంచుకుంది. తనిఖీ వాళ్ళు మెచ్చుకున్నారు కూడా. అప్పట్లో సొరంగం లేదు, రెండో ఇల్లు లేదు. ఆ తర్వాత అవన్నీ కట్టింది తనే, ఈ వరస సంగతి మర్చిపోయిందీ తనే.

ఆ వరసను మళ్ళీ చదివింది, రాసినవాళ్ళ పేరు మారలేదు. వేళ్ళు మాత్రం ఊరుకోలేదు. ఇన్నేళ్ళ అలవాటు వాటిది. చెడింది కనిపిస్తే ముందు బాగుచేస్తాయి. పట్టదన్న కబురును రానివ్వమని ఒక వరస చేర్చింది. కొత్తాయన బొమ్మ పంపాడు. ఆకుపచ్చ గీత ఈ చివర నుంచి ఆ చివరకు జారిపోయింది.

“మీ చెయ్యి పడితే చాలు మేడం” అన్నాడు కొత్తాయన. ప్రాణం లేచొచ్చినవాడిలా నవ్వాడు.

ఆమె మెట్లెక్కి గదిలోకొచ్చి శాలువా కప్పుకుని కూర్చుంది. అప్పటిగ్గానీ తనేం చేసిందో అర్థం కాలేదు. లోపం పోయింది. లోపం ఉండేదనడానికి కొత్తాయన తప్ప సాక్షి లేడు, ఆయన నోరు విప్పడు. రేపటి నుంచి బొమ్మలన్నీ వెళ్తాయి. వదినను మార్చాక వెళ్తున్నాయి అంటారు.

అన్నారు కూడా. రెండు రోజులు తిరక్కుండా సూపరింటెండెంట్ వరండాలో ఎదురై, “మార్చాక ప్రశాంతంగా ఉంది చూశారా” అన్నాడు. అప్పుడు చెప్పొచ్చు. వరండా ఖాళీగానే ఉంది. పింగమ్మ “అవునండీ” అంది.

తర్వాతి రోజులన్నీ ఆమె తనకు తాను సంజాయిషీలు చెప్పుకోవడంతోనే సరిపోయాయి. కావాలని చేసింది కాదు కదా. పాపకు నయమై ఇంటికెళ్ళింది కదా. ఇప్పుడు చెబితే తన ఉద్యోగం ఊడుతుంది, అప్పుడు ఇంట్లో ఒకరు కాదు ఇద్దరు మూలన కూర్చోవాలి, అది వదినకు మాత్రం మంచిదా. కాగితాల గదిలో పని తేలిక, పైగా నీడపట్టు. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయేది. సాయంత్రం బస్సులో వదిన దుమ్ము పట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పేర్చినదంతా కూలిపోయేది. తప్పు చేసిన దానికంటే, దొరకని దొంగలా తిరుగుతున్నందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా నోరు మాత్రం విప్పలేదు. ఇందులో ఆమెకు అనుకూలంగా చెప్పడానికేమీ లేదు.

విచారణకు ముందురోజు సాయంత్రం వదిన బట్టలు మడతపెడుతూ మాట తీసింది.

“రేపు ఒప్పేసుకుంటానమ్మాయ్.”

“ఏం ఒప్పుకుంటావ్ వదినా?”

“నాదే తప్పని. నేను కదిలాక ఒక్క బొమ్మా ఆగలేదట. ఇంకేం కావాలి? నాకు తెలీకుండా ఏదో తప్పు నొక్కుతున్నాను. పాపకి రెండుసార్లు తీశాను, ఇంకో పిల్లకి మూడుసార్లు తీయనని నమ్మకమేంటి? ఈ పని నాకొద్దు. ఆ కాగితాల్లోనే ఉండిపోతాను.” పిల్లవాడి చొక్కా మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. “నువ్వు మాత్రం సిగ్గుపడకు. పెట్టించినదానివి నువ్వే అయినా, చేసింది నేను కదా.”

పింగమ్మ లేచి స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

మర్నాడు విచారణలో సూపరింటెండెంట్, పిల్లల డాక్టరమ్మ, పెద్దాయన, వదిన ఉన్నారు. వదిన లేచి నిలబడి గొంతు సవరించుకుంది. ఆమె నోరు తెరవకముందే పింగమ్మ తలుపు తోసుకుని లోపలికొచ్చింది. ఆమెను ఎవరూ పిలవలేదు.

“అందరూ ఒకసారి ఎక్స్‌రే గదికి రావాలండీ. చూపిస్తే గానీ నమ్మరు” అంది.

సూపరింటెండెంట్ కనుబొమలు ముడిపడ్డాయి గానీ లేచాడు. కొత్తాయన వీళ్ళందరినీ చూసి స్టూలు మీంచి దిగ్గున లేచాడు. పింగమ్మ లాప్‌టాప్ తెరిచి, తను చేర్చిన వరసను తీసేసింది. తన పాత వరసను ఒంటరిగా నిలబెట్టింది. ఎక్స్‌రే బొమ్మల వాటాను రెండో ఇంటికి తరలించింది. యంత్రాన్ని పరీక్షించడానికి వాడే ప్లాస్టిక్ దిమ్మెకు తీసిన పాత బొమ్మ ఒకటి ఉంటే దాన్ని పంపమని పెద్దాయనకు చెప్పింది. ఏనాడూ బొమ్మ ఆగని పెద్దాయనకు.

పేరు వెళ్ళింది. గీత కాస్త కదిలి ఆగింది. అందరూ నిలబడి చూస్తున్నారు. ఎర్రక్షరాలు వచ్చాయి. పెద్దాయన తన చేతి వేళ్ళకేసి చూసుకున్నాడు.

పింగమ్మ వరసను తిరిగి చేర్చి, మళ్ళీ పంపమంది. వెళ్ళిపోయింది.

“దారిలో ఒకచోట పెద్ద ప్యాకెట్లు పట్టవు. పట్టవని వెనక్కి చెప్పే కబురును నేనే ఆపేశాను, ఎప్పుడో. ఆ వరస రాసింది నేనే” అంది. “నెట్‌వర్క్ చూశానని మీ అందరి ముందూ చెప్పాను. నేను చూసింది చిన్న పింగ్ మాత్రమే. ఫైలులో లోపమని ఆమెకు చెప్పింది నేను. అందుకే ఆమె పాపకి రెండోసారి తీసింది. కొత్తాయనకూ ఇలాగే ఆగితే వచ్చి బాగుచేశాను, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఆమె చేతిలో ఏ తప్పూ లేదండీ.”

సూపరింటెండెంట్, “వరండాలో అడిగాను కదమ్మా మిమ్మల్ని” అన్నాడు. అంతే అన్నాడు. తిట్టినా బాగుండేదనుకుంది పింగమ్మ. ఇకపై ఆమె ఏ నియమం రాసినా ఇంకొకరు చూసి ఒప్పుకున్నాకే అమలు చేయాలనీ, ఆమె మీద చర్య సంగతి పైవాళ్ళు చూస్తారనీ, వదిన రేపటి నుంచి తన షిఫ్టుకు రావచ్చనీ చెప్పాడు. డాక్టరమ్మ వదిన భుజం మీద చెయ్యి వేసింది. వదిన దాన్ని గమనించినట్టు లేదు.

“పాప వాళ్ళమ్మకు ఎవరు చెప్తారు?” అని అడిగింది.

ఆ మధ్యాహ్నమే ఆ తల్లి పాపను మందుల కోసం తీసుకొచ్చింది. పింగమ్మే చెప్పింది, వదిన పక్కన నిలబడింది. రెండో ఎక్స్‌రే అవసరం లేకుండానే తీశామని, అది తన పొరపాటు వల్లనని చెప్పింది. ఆ కాస్త కిరణాలకు పాపకు ప్రమాదమేమీ ఉండదని డాక్టరమ్మ చెప్పింది. తల్లి విన్నదంతా విని, పాపను ఇంకాస్త దగ్గరకు పొదువుకుంది. “ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?” అంది. ముగ్గురిలో సమాధానం చెప్పాల్సింది ఒక్కరే.

సాయంత్రం ఇద్దరూ గేటు దాటి బస్టాపు దాకా నడిచారు. ఆ రోజు విడివిడిగా నడవాల్సిన అవసరం లేదు గానీ, కలిసి నడుస్తున్నట్టూ లేదు. బస్టాపులో బెంచీ మీద వదిన కూర్చుంది. పింగమ్మ నిలబడింది. క్షమించమని అడగాలని దారంతా అనుకుంది. ఆ మాట ఎంత పెద్దదిగా అనుకుందో ఇప్పుడంత చిన్నదిగా కనిపించింది.

వదినే మాట్లాడింది. రోడ్డు వైపు చూస్తూ మాట్లాడింది.

“కొత్తాయన ఎన్నిసార్లు ఫోన్ చేశాడు నీకు?”

“ఒకసారి.”

“ఒక్కసారికే కిందికెళ్ళావా?”

“వెళ్ళాను వదినా.”

వదిన తల ఊపింది. కోపంగా లేదు ఆమె మొహం. ఏదో లెక్క సరిపోయినట్టుంది.

“నేను పరాయిదాన్నైనా బాగుండేది. వచ్చి చూసేదానివి.”

కాదని అనడానికి పింగమ్మ నోరు తెరిచింది. కొనుగోళ్ళ ఆయన సంగతి, క్యాంటీన్ మాటల సంగతి, తన ముక్కుసూటితనం సంగతి అన్నీ నాలుక చివరికొచ్చాయి. ఒక్కటీ నిలబడేది కాదని తెలిసింది.

“అవును” అంది.

బస్సొచ్చింది. వదిన ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఆమె పక్క సీటు ఖాళీగా ఉంది. కూర్చోమని వదిన అనలేదు, వద్దనీ అనలేదు. పింగమ్మ ఆ సీటు పక్కనే కడ్డీ పట్టుకుని ఇంటిదాకా నిలబడే వెళ్ళింది.